పాట కచేరీలో శ్రోత స్థానం

సాయంకాలం ఆరు గంటలు కావస్తున్నది. సభాభవనంలో ఇంకను సగం కుర్చీలు ఖాళీగానే ఉన్నవి. వేదికమీద తంబురా మ్రోగుతున్నది. మృదంగ విద్వాంసుడు చిన్న రాతితో వాద్యపు అంచును తట్టి, చెవి యొగ్గి, మరల తట్టి నాదం సరిచూచుకొంటున్నాడు. ఫిడేలు విద్వాంసుడు కమానును ఒకసారి తీగలమీద నడిపి బిరడాను కొద్దిగా త్రిప్పినాడు. మొదటి వరుసలో ఒక వృద్ధుడు, పాట మొదలు కాకముందే, కుడిచేతిని తొడమీద పెట్టుకొని తాళానికి సిద్ధంగా కూర్చున్నాడు. గాయకుడు గొంతు సవరించుకొని, కన్నులు మూసుకొనే ముందు, సభను ఒకసారి కలయజూచినాడు. ఆ చూపు ఎవరికొరకు? ఈనాటి ప్రసంగం ఆ చూపును గురించి.

'కచేరీ' అన్న మాట సంగీతానికి సొంతం కాదు. హిందూస్తానీ నుండి మన భాషలోకి వచ్చి, తాసిల్దారు కచేరీగా, కలెక్టరు కచేరీగా పల్లెపల్లెకు తెలిసిన మాట అది. కచేరీ చావడిలో అర్జీ చెప్పుకొనేవాడు ఒకడు, వినేవాడు ఒకడు. ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా అక్కడ కచేరీ జరగదు. కనుక ఈ మాట గానసభకు అంటుకొనడం ఉచితంగానే ఉన్నది. సంగీత చరిత్రను మనం వాగ్గేయకారుల చరిత్రగాను, విద్వాంసుల చరిత్రగాను చెప్పుకొంటూ వచ్చినాము. వినేవాని చరిత్ర అంతగా చెప్పుకొనలేదు. కాని వర్ణంతో మొదలై మంగళంతో ముగిసే ఈనాటి గాత్రకచేరీ పాడేవాడు ఒక్కడే కల్పించినది కాదు. వినేవాడు ఎవడు, ఎక్కడ కూర్చున్నాడు, ఎంతసేపు కూర్చున్నాడు అన్నదానినిబట్టి అది సుమారు నూటయేభై సంవత్సరాలలో రూపు కట్టినది.

మనం కచేరీలో ఎక్కువగా వినే కృతులు త్యాగరాజస్వామివి. ఆయన 1767 నుండి 1847 వరకు జీవించినారు. ఆయన కచేరీ చేసినవారు కారు. తిరువయ్యారు వీధులలో ఉంఛవృత్తి చేస్తూ పాడినారు. ఇంట పూజవేళ పాడినారు. శిష్యులకు పాఠం చెబుతూ పాడినారు. తంజావూరు ఆస్థానం నుండి పిలుపు వచ్చినా కాదన్నారని సంప్రదాయం చెబుతున్నది. ఆ పాటకు శ్రోత భగవంతుడు, ఆ తరువాత శిష్యుడు. శిష్యుడు వినేది తిరిగి పాడడానికి. అందుచేతనే ఆ కృతులు తాళపత్రాలమీద కంటె కంఠాలలో భద్రంగా నిలిచినవి.

రాజాస్థానంలో వినేవాడు వేరు. అక్కడ ప్రభువు, ఆయన చుట్టు పండితులు. వారు వినేది ఆనందించడానికి మాత్రమే కాదు, తూచడానికి కూడ. బొబ్బిలి కేశవయ్య అనే ఆంధ్ర విద్వాంసుడు తంజావూరు వచ్చి అక్కడి వారిని సవాలు చేయగా, శ్యామశాస్త్రిగారు ఎదుర్కొని గెలిచినారనే కథ దక్షిణదేశంలో నేటికీ చెప్పుకొంటారు. అటువంటి సభలో రాగం, తానం, పల్లవికే పెద్దపీట. ఒక్క పంక్తిని కఠినమైన తాళంలో బిగించి, దానిని కాలాలు మార్చి, స్వరాలతో అల్లి, లెక్క తప్పకుండ ఎత్తుగడకు తీసుకొని రావడం పాడేవాని పాండిత్యానికి గీటురాయి. వినేవాడు పరీక్షాధికారి.

1855లో తంజావూరు శివాజీ మహారాజు పురుషసంతానం లేకుండ మరణించగా ఆ సంస్థానం ఈస్టిండియా కంపెనీ వశమైనది. కావేరీతీరంలో ఆస్థానాన్ని నమ్ముకొని బ్రతికిన విద్వాంసులకు మైసూరు, తిరువాన్కూరు, పుదుక్కోట, ఎట్టయపురం వంటి చోట్ల ఇంకను ఆశ్రయం ఉన్నది. కాని మరియొక దారి క్రమంగా తెరుచుకొన్నది. అది మద్రాసు పట్టణం. అక్కడ రాజు లేడు. వర్తకులు, వకీళ్లు, ఉద్యోగులు ఉన్నారు. ఏ ఒక్కరూ ఒక విద్వాంసుని జీవితమంతా పోషించలేరు. పదిమంది కూడి చందా వేసుకొంటే ఒక సాయంకాలం పాడించగలరు. గానసభలు పుట్టినది ఈ ఏర్పాటు నుండి. 19వ శతాబ్ది చివరి దశకాలలో అవి తలయెత్తినవి. మద్రాసులోని పార్థసారథి స్వామి సభ 1900లో ఏర్పడినది. 1927లో మద్రాసులో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు దానితోపాటు సంగీత సమ్మేళనం నడిచినది. దాని ఫలంగా 1928లో మ్యూజిక్ అకాడమీ వెలసినది. డిసెంబరు నెల సంగీతానికి పెట్టినది పేరైనది ఆ తరువాతనే.

టిక్కెట్టు కొన్నవాడు సభలో కూర్చున్న దినం నుండి సంగీతం మారసాగినది. మొదట గొంతు. రాజు సమక్షంలో పదిమందికి వినిపిస్తే చాలును. సభలో చివరి వరుసకు కూడ అందవలెను. ఆనాటికి మైకు లేదు. కనుక హెచ్చు శ్రుతిలో, నిండుగొంతుతో పాడగలవారికే రాణింపు. మూడు స్థాయిలలో అవలీలగా సంచరించిన మహావైద్యనాథ అయ్యరువారి (1844–1893) గాత్రాన్ని గురించి తరువాతి తరాలవారు కథలుగా చెప్పుకొన్నారు. వాద్యాలకూ అదే చిక్కు. బాలుస్వామి దీక్షితులు మొదలైనవారు పాశ్చాత్యుల ఫిడేలును మన సంగీతానికి తెచ్చినది 19వ శతాబ్ది తొలి దశకాలలోనే అయినా, గొంతును వెన్నంటి నడిచే వాద్యంగా అది స్థిరపడడానికి సభ తోడ్పడినది. పెద్ద సభలో నాదం చాలడం లేదని మైసూరు చౌడయ్యగారు నాలుగు తీగల ఫిడేలుకు మరి మూడు చేర్చి ఏడు తీగలతో వాయించినారు. చివరి వరుసవానికి వినబడడం కొరకు వాద్యం శరీరమే మారినది.

తరువాత కాలం. రాజుకు గడియారం లేదు, గుమాస్తాకు ఉన్నది. అయిదారు గంటల కచేరీలు ఆ కాలంలో వింత కాదు. పల్లవి ఒక్కటే గంటలకొలది సాగేది. కాని కొత్త శ్రోతలందరు పండితులు కారు. ఆఫీసు నుండి వచ్చి కూర్చున్నవానికి రాగం తెలియకపోవచ్చును, పాటమీద ప్రేమ ఉన్నది. అతనిని కాదంటే సభ నిలువదు. అతనికొరకే పాడితే విద్య నిలువదు. ఈ ముడిని విప్పినవారిలో ప్రథములు అరియక్కుడి రామానుజయ్యంగారు (1890–1967). ముందు ఒక వర్ణం. దానితో గాయకుని గొంతు, శ్రోత చెవి రెండును కుదుటబడతవి. తరువాత చురుకైన కృతులు కొన్ని. పిమ్మట ఒక రాగాన్ని విస్తరించి ఆలాపన, కృతి, నెరవు, కల్పనస్వరం. దాని చివర మృదంగానికి తని ఆవర్తనం. వీలునుబట్టి రాగం, తానం, పల్లవి. కడపట పదం, జావళి, తిరుప్పావై, తిల్లానా వంటి తేలిక రచనలు, మంగళం. పల్లవి పోలేదు, దాని చోటు కుదించుకొన్నది. పండితునికి ఒక ముద్ద, పామరునికి ఒక ముద్ద, ఇద్దరికీ కలిపి ఒక విస్తరి. మన భోజనంలో పప్పుతో మొదలుపెట్టి పెరుగుతో ముగించినట్లు దీనికీ ఒక వరుస ఏర్పడినది. ఈ క్రమమే కొద్ది మార్పులతో నేటికీ నడుస్తున్నది.

వినడానికి వచ్చినవారు పెరిగినారు గాని, పాడడానికి అందరికీ ఒకేవిధంగా చోటు దొరకలేదు. స్త్రీలు ఈ విద్యను ఎన్నో తరాలు కాపాడినారు. అయినా పెద్ద వేదికలు వారికి ఆలస్యంగా తెరుచుకొన్నవి. త్యాగరాజస్వామి సమాధి శిథిలమై ఉండగా సొంత ధనంతో మందిరం కట్టించి 1925లో ప్రతిష్ఠ జరిపించినది బెంగళూరు నాగరత్నమ్మగారు. ఆ మందిరంలో జరిగే ఆరాధనలో పాడడానికి స్త్రీలకు అనుమతి లేకపోగా, ఆమె స్త్రీలను కూడగట్టి వేరుగా ఉత్సవం నడిపించినారు. వేరువేరు వర్గాల ఉత్సవాలు ఆ తరువాత ఏకమైనవి. 1968లో ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు 'సంగీత కళానిధి' బిరుదం అందుకొన్న తొలి స్త్రీ అయినారు. ఇందులోను శ్రోతల పాత్ర ఉన్నది. సంస్థలు తడబడుతున్న కాలంలో సభలు నింపినది, గ్రామఫోను పలకలు కొన్నది శ్రోతలే.

1930 దశకంలో మైకు వచ్చినది. దానితో ఇంతకుముందు చెప్పిన గొంతు చిక్కు తీరినది. తగ్గు శ్రుతిలో మెల్లగా పలికే గమకం కూడ చివరి వరుసకు చేరినది. పలుచని గొంతుకలవారు కూడ పెద్ద సభలో పాడగలిగినారు. ఇది గొప్ప మేలు. కాని దీనిని ఒప్పుకొననివారు లేకపోలేదు. పాల్ఘాట్ మణి అయ్యరుగారు (1912–1981) మృదంగనాదానికి మైకు పనికిరాదని పట్టుపట్టి, మైకు లేని కచేరీలు చేయించినారు. ఆయన వాదంలో ఒక రహస్యం ఉన్నది. మైకు లేనప్పుడు శ్రోత నిశ్శబ్దంగా ఉండక తప్పదు. ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి వినవలెను. మైకు వచ్చిన తరువాత వినిపించే భారం యంత్రంమీద పడినది; వినే ప్రయత్నం కొంత సడలినది.

ఆ తరువాత వచ్చినది రేడియో. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో ప్రారంభమైనవి. హైదరాబాదు కేంద్రం 1950లో ఆకాశవాణిలో చేరినది. 1952 నుండి శనివారం రాత్రి జాతీయ సంగీత కార్యక్రమం దేశమంతటా వినవచ్చినది. సభ లేని ఊరికి, టిక్కెట్టు కొనలేని ఇంటికి, గడప దాటలేని వృద్ధులకు మహావిద్వాంసుల గానం చేరినది. ఈ ఉపకారం చిన్నది కాదు. ఈ సంస్థలో పనిచేసేవాడిని కనుక ఆ మాట గర్వంతోనే చెబుతున్నాను. కాని రేడియో ఒక విచిత్రమైన కచేరీని సృష్టించినది: వినేవారు లక్షలు, ఎదుట ఒక్కడూ లేడు. తలుపు మూసిన గది, ఎర్ర దీపం, గోడమీద గడియారం. అరగంట అంటే అరగంటయే.

కొన్ని సంవత్సరాల క్రిందట ఒక పెద్ద విద్వాంసుడు మా స్టూడియోకు రికార్డింగుకై వచ్చినారు. మొదటి కృతి పాడి ఆపివేసినారు. శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. యంత్రంలోను లోపం లేదు. నేను అద్దం వెనుక గది నుండి లోపలికి వెళ్లి, "ఏమండీ, మంచినీళ్లు కావలెనా?" అని అడిగినాను. ఆయన నవ్వి, "నీళ్లు కాదు నాయనా. నీవు ఇక్కడే కూర్చో. ఎవరో ఒకరు ఎదుట ఉంటే గాని నాకు పాట రాదు" అన్నారు. యంత్రం దగ్గర మిత్రుని ఉంచి, నేను చప్పుడు చేయకుండ ఎదుట చాపమీద కూర్చున్నాను. ఆయన మరల అదే కృతి ఎత్తుకొన్నారు. నెరవులో ఒకచోట నా తల దానంతట అదే ఊగినది. ఆయన అది చూచి, ముగించబోయిన సంగతిని ముగించక మరి రెండు ఆవర్తాలు నడిపించినారు. ఆ రెండు ఆవర్తాలు ఆయన ఇంటివద్ద సిద్ధం చేసుకొని వచ్చినవి కావు. నేను అక్కడ లేకపోతే అవి పుట్టేవి కావు. నేను సంగీత విద్వాంసుడిని కాను. ఎదుట కూర్చున్నానంతే.

ఈ సత్యం రేడియోకు ముందే తెలిసినది. 1954 నుండి ఆకాశవాణి సంగీత సమ్మేళనాలను ఆహూతులైన శ్రోతల సమక్షంలో నడపసాగినది. గది తలుపులు మూసి పంపించివేసిన శ్రోతను సగౌరవంగా మరల పిలిచినామన్నమాట.

ఇక మన ఆంధ్రదేశపు సంగతి. నాయకరాజుల కాలం నుండి తంజావూరులో తెలుగు గానభాషయై నిలిచినది. మన భాషలోని పాట కావేరీతీరంలో పెరిగినది. కచేరీగా రూపు దిద్దుకొని మద్రాసు నుండి రైలెక్కి మనవద్దకు తిరిగి వచ్చినది. కాకినాడ సరస్వతీ గానసభ వంటి సంస్థలు దక్షిణాది విద్వాంసులను రప్పించి వినిపించినవి. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల నెలకొన్నది; ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు (1893–1964) అక్కడినుండి ఫిడేలును పక్కవాద్యంగానే గాక ఒంటరిగా సభను నడిపించగల వాద్యంగా దేశమంతట నిలబెట్టినారు. త్యాగరాజస్వామి శిష్యులు మానాంబుచావడి వెంకటసుబ్బయ్యగారు; ఆయన శిష్యులు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు; వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు (1883–1951). పంతులుగారి చేతిలో పెరిగిన బాలుడు ఎనిమిదేళ్ల ప్రాయంలో విజయవాడలో ఆరాధనోత్సవ సభలో పాడి పెద్దలను ఆశ్చర్యపరచినాడు. ఆ బాలుడే మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు (1930–2016). తరువాత ఆయన విజయవాడ రేడియో కేంద్రంలో పనిచేసి 'భక్తిరంజని'తో ఇంటింటికీ పరిచితులైనారు. ఎనిమిదేళ్లవాని పాటను ఓపికతో విన్న సభ ఒకటి ఆనాడు విజయవాడలో ఉన్నది. అటువంటి సభ ఉన్నచోటనే అటువంటి బాలుడు నిలుస్తాడు.

1940 దశకం తొలినాళ్లలో తమిళ ఇసై ఉద్యమం బయలుదేరినది. 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడినది. మా భాషలో పాట మాకు కావలెనని తమిళ శ్రోతలు అడిగినారు. అది న్యాయమైన కోరిక. అర్థమయ్యే మాట పాటతో కలిసినప్పుడు కలిగే సుఖం వేరు. అప్పుడు కొందరు తెలుగువారు నొచ్చుకొన్నారు. నొచ్చుకొనడం కంటె ఆలోచించవలసినది మరియొకటి ఉన్నది. కచేరీలో పాడే పాటలలో పెక్కు మన భాషవి. వాటి మాటల విరుపు, కాకువు, ఎత్తిపొడుపు, వేడికోలు మనకు నిఘంటువు లేకుండ తెలుస్తవి. తెలుగు రాని గాయకుడు తాళానికి సరిపెట్టడానికి మాటను నడుమ విరిస్తే, ఆ తప్పును పట్టగలవాడు తెలుగు శ్రోత. మాట సరిగా పలికినప్పుడు ముఖంలో వెలుగు చూపి గాయకునికి దారి చెప్పగలవాడు కూడ తెలుగు శ్రోతయే. ఆ శ్రోత సభలో లేకపోతే మాట క్రమంగా అక్షరాల గుంపై, స్వరానికి తగిలించిన చిలుకకొయ్యగా మిగులుతుంది. తమిళ సోదరులు తమ పాటకొరకు సభలు స్థాపించుకొన్నారు. మన పాటను కూడ శ్రద్ధతో పాడుతున్నారు, వింటున్నారు. మనం మన పట్టణాలలో త్యాగరాజ ఆరాధనకు ఎందరం వెళ్లి, ఎంతసేపు కూర్చుంటున్నాము? ఈ ప్రశ్న ముందుగా నన్ను నేను వేసుకొని, తరువాత మీ ముందు పెడుతున్నాను.

2020లో మహమ్మారి వలన సభలు మూతబడినవి. ఆ యేడు చెన్నపట్టణపు డిసెంబరు సంగీతోత్సవం చాలవరకు తెరలమీదనే జరిగినది. విద్వాంసులు ఖాళీ భవనాలలో పాడినారు. మనం ఇంట కూర్చుండి చేతిలోని ఫోనులో విన్నాము. ధ్వని స్వచ్ఛంగా ఉన్నది, దృశ్యం దగ్గరగా ఉన్నది. తని ఆవర్తనం ముగిసినప్పుడు మాత్రం ఒక నిశ్శబ్దం. మృదంగ విద్వాంసుడు చివరి తీర్మానం వాయించి తలయెత్తి చూస్తే ఎదుట కుర్చీలు. ఆ చూపు చూచినవారికి కచేరీ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

కచేరీకి వెళ్లడానికి పాండిత్యం అక్కరలేదు. పాట మొదలు కాకముందు వెళ్లి కూర్చుంటే చాలును; తంబురా నాదంలో చెవి కుదుటబడుతుంది. ఆదితాళం ఎనిమిది క్రియలు: ఒక దెబ్బ, మూడు వ్రేళ్ల లెక్క, ఆపైన దెబ్బ, విసురు, మరల దెబ్బ, విసురు. పక్కనున్న వృద్ధుని చేయి చూచి రెండు పాటలలో నేర్చుకొనవచ్చును. రాగం పేరు తెలియకపోతే లోపం లేదు. ఇంతకుముందు విన్న ఏ పాటకు పోలిక ఉన్నదో తలచుకొంటే పేరు దానంతట అదే ఒకనాడు వచ్చి చేరుతుంది. తని ఆవర్తనం మొదలుకాగానే కాఫీకి లేచి వెళ్లే అలవాటు మన సభలలో ఉన్నది. అంతవరకు ఒకరి పాటకు నీడగా నడిచిన విద్వాంసునికి ఆ పది నిమిషాలే సొంతం. ఆ పది నిమిషాలు కూర్చుండడం మర్యాద మాత్రమే కాదు, న్యాయం. పిల్లలను వెంట తీసుకొని వెళ్లండి, నిద్రపోతే పోనీయండి. నిద్రలో చెవినిబడ్డ మోహనరాగం కూడ ఎక్కడికీ పోదు.

తంజావూరులో ప్రభువు విన్నాడు, పల్లవి పెరిగినది. మద్రాసులో గుమాస్తా విన్నాడు. కచేరీకి ఒక వరుస ఏర్పడినది. తిరువయ్యారు ఇంటిలో శిష్యుడు విన్నాడు, కృతి నిలిచినది. ఇక ముందు ఈ విద్య ఏ రూపం ధరించేదీ ఇప్పుడు వినేవారిని బట్టి ఉంటుంది. మీ ఊరి సభలో ఈ సాయంకాలం ఎవరో ఒక యువగాయకుడో, గాయనియో గొంతు సవరించుకొని, కన్నులు మూసుకొనే ముందు ఎదుటి వరుసలను ఒకసారి కలయజూస్తారు. ఆ వేళకు మీరు అక్కడ ఉండగలిగితే, రేడియో కట్టివేసి వెళ్లండి. మేము ఏమీ అనుకొనము.